హబ్బు కన్నాలూ రిమ్ము కన్నాలూ లెక్క కలవకపోతే: సైకిల్ చక్రం కట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో కోఠి, గౌలిగూడ వైపు దుకాణాల్లో 36 కన్నాల హబ్బు (చక్రం నడిమి భాగం) చూపించి 32 కన్నాల అల్లాయ్ రిమ్ము అడిగితే ఎక్కువగా వినపడే మాట "సెట్ అవ్వదు" అని. అవుతుంది. అయితే లెక్క తెలియకుండా ఎక్కిస్తే చక్రం గుండ్రంగా కనబడుతూనే కొన్నాళ్లకు స్పోకులు తెంపుకోవడం మొదలుపెడుతుంది. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలను పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంది. కావలసినది మాత్రమే చదువుకోవచ్చు.

## సామాను కొనే ముందు

నా దగ్గర హబ్బు 36, రిమ్ము 32. అసలు కుదురుతుందా?

కుదురుతుంది. హబ్బులో ఒక్కో ఫ్లాంజ్‌కి (హబ్బు రెండు పక్కలా స్పోకులు పట్టే గుండ్రటి అంచు) 18 కన్నాలు ఉంటాయి. అందులో 16 వాడి 2 ఖాళీగా వదులుతాం. రిమ్ము కన్నాలు మాత్రం ఒక్కటీ మిగలవు. రిమ్ము చుట్టూ స్పోకుల మధ్య దూరం ఎక్కడా మారదు కాబట్టి, సరిగ్గా కట్టిన ఈ చక్రం మామూలు 32 స్పోకుల చక్రం మోసినంత బరువూ మోస్తుంది. హబ్బు ఫ్లాంజ్ మందమైన లోహం, నాలుగు కన్నాలు ఖాళీగా ఉన్నా దానికేమీ కాదు. మీకు పెరిగే పని ఒక్కటే: స్పోకులన్నీ ఒకే పొడవు ఉండవు.

తిరగేసి, హబ్బు 32, రిమ్ము 36 అయితే?

దీన్ని వద్దనే చెబుతాం. ఈసారి ఖాళీలు రిమ్ములో పడతాయి. స్పోకు పొడవులు అదుపులో ఉండాలంటే పక్కపక్కనే ఉన్న ఒక ఎడమ కన్నం, ఒక కుడి కన్నం కలిపి వదలాలి. దానికి సరిగ్గా ఎదురుగా మరో జత వదలాలి. అప్పుడు 700సీ సైజు రిమ్ములో మామూలుగా 5 సెం.మీ. పైచిలుకు ఉండే ఎడం ఆ రెండు చోట్లా దాదాపు 16 సెం.మీ. అవుతుంది. మిగతా స్పోకులు బిగిసేకొద్దీ అక్కడ రిమ్ము బయటికి పొంగుతుంది. లోపలికి లాగడానికి నిప్పలే (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు) లేని చోట బెండు (చక్రం వంకర) ఎలా తీస్తారు? పోనీ నాలుగు ఖాళీలనూ విడివిడిగా, సమాన దూరంలో వదిలితే ఒక్కో ఖాళీకి రెండు పక్కలా ఒకే వైపు స్పోకులు వస్తాయి. చక్రం ఒకచోట ఎడమకి, పావు చుట్టు తర్వాత కుడికి గుంజుకుంటుంది. రిమ్ము మార్చుకోవడమే మేలు.

ఏ జోడీ సులువు, ఏది కష్టం?

కన్నాల తేడా ఎంత తక్కువైతే పని అంత సులువనుకుంటారు. అది పొరపాటు. చూడాల్సింది నిష్పత్తి. 40 హబ్బు, 32 రిమ్ము జోడీలో ప్రతి ఐదు కన్నాలకు ఒకటి వదులుతాం, రెండు పొడవుల స్పోకులతో శుభ్రంగా వస్తుంది. 36 హబ్బు, 24 రిమ్ము జోడీలో మూడింట ఒకటి వదులుతాం, అది ఇంకా సులువు. 36–32 మధ్యరకం. అన్నిటికన్నా చిక్కు పెట్టేది చూడటానికి దగ్గరగా కనబడే 40–36. ఒక్కో ఫ్లాంజ్‌లో సగానికి 9 కన్నాలు, అంటే బేసి సంఖ్య మిగులుతుంది. హబ్బు కన్నం ఉండాల్సిన చోటికీ ఉన్న చోటికీ కోణంలో తేడా అటు 8 డిగ్రీలు, ఇటు 8 డిగ్రీల దాకా 2 డిగ్రీల మెట్లుగా పరుచుకుంటుంది. తొమ్మిది రకాల పొడవులు లెక్కకొస్తాయి. 28 కన్నాల రిమ్ములతోనూ ఇలాంటి ఇబ్బందే.

పాత నల్ల సైకిల్ వెనక హబ్బు 40 కన్నాలది. దానికి అల్లాయ్ రిమ్ము వేయొచ్చా?

మన రోడ్‌స్టర్లలో ముందు 32, వెనక 40 ఉండటం పాత పద్ధతి. 40 కన్నాల అల్లాయ్ రిమ్ము దొరకడం కష్టం, అందుకే 32 రిమ్ముతో కట్టుకుంటారు. కన్నాల కన్నా ముందు బ్రేకు సంగతి చూసుకోండి. రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి ముఖం మీద, అంటే హబ్బు వైపు నుంచి ఒత్తుతాయి. అల్లాయ్ రిమ్ముకు ఆ ఆకారం ఉండదు, పక్కల నుంచి పట్టే కాలిపర్ బ్రేకు కావాలి. పైగా 28 × 1½ రిమ్ము టైరు కూర్చునే వ్యాసం 635 మి.మీ., 700సీది 622. బ్రేకు రబ్బరు 6.5 మి.మీ. కిందికి దిగాలి. మీ కాలిపర్ చేయి అంత దిగుతుందో లేదో కొలిచాకే రిమ్ము కొనండి.

వెనక హబ్బు 32, రిమ్ము 24. దీనికి దారి ఉందా?

ఉంది, మంచి దారే. గేర్లున్న కుడి ఫ్లాంజ్‌లో 16 కన్నాలూ వాడి, ఎడమ ఫ్లాంజ్‌లో ఒకటి విడిచి ఒకటిగా 8 వాడితే మొత్తం 24. రిమ్ము మీద కుడి, ఎడమ, కుడి అని మూడేసి గుంపులుగా వస్తాయి. గేర్లున్న వెనక చక్రంలో ఎడమ స్పోకులు ఎప్పుడూ వదులుగా ఉంటాయి కదా, సంఖ్య సగమయ్యేసరికి వాటి బిగువు పెరిగి కుడివైపుకు దగ్గరవుతుంది. రిమ్ము కన్నాలు నట్టనడుమ ఉన్న రకమైతేనే చేయండి. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి వాల్చి కొట్టిన కన్నాలైతే నిప్పల్ మెడ వంగుతుంది.

రిమ్ముకు అదనంగా కన్నాలు కొట్టిస్తే గొడవే ఉండదు కదా?

రాణిగంజ్ వైపు డ్రిల్లు పట్టే చేతులు చాలానే దొరుకుతాయి. అయినా వద్దు. కొత్త కన్నం పాత కన్నాల పక్కన పడి ఆ రెంటి మధ్య లోహం పలచబడుతుంది. పగులు అక్కడే మొదలవుతుంది.

## కొలతలు, పొడవులు

ఈఆర్‌డీ అంటే ఏమిటి, ఇంట్లో ఎలా కొలవాలి?

స్పోకు కొసలు ఎక్కడికి చేరాలో అక్కడ రిమ్ము వ్యాసం. రెండు పాత స్పోకులను, మర ఉన్న కొస నుంచి సరిగ్గా 200 మి.మీ. వచ్చేలా కోయండి. ఒక్కోదానికి నిప్పల్ ఎక్కించి, స్పోకు కొస నిప్పల్ తల మీది గాడి అడుగుకు చేరేదాకా తిప్పండి. రెండింటినీ ఎదురెదురు కన్నాల్లో పెట్టి, బిగువుగా లాగి, మధ్యలో మిగిలిన సందు కొలవండి. 400కి ఆ సందు కలిపితే ఈఆర్‌డీ. పావు చుట్టు తిప్పి మరోచోట కూడా కొలిచి సగటు తీసుకోండి. రిమ్ము మీద స్టిక్కరు చెప్పే అంకెను నమ్మి స్పోకులు కోయించకండి.

లెక్క కట్టే క్యాలిక్యులేటర్లు ఒకే కన్నాల సంఖ్య అడుగుతున్నాయి. 36 కొట్టాలా, 32 కొట్టాలా?

రిమ్ము సంఖ్య, అంటే 32. అలా వచ్చేది నడిమి పొడవు మాత్రమే. హబ్బు కన్నాలు తాము ఉండాల్సిన చోటికి కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి దాన్ని సవరించాలి. ఫ్లాంజ్‌లో ఎదురెదురు కన్నాల నడుమ దూరం 44 మి.మీ. ఉన్న చిన్న హబ్బులో ఒక డిగ్రీకి పొడవు మూడో వంతు మి.మీ. కన్నా కొంచెం ఎక్కువ మారుతుంది. 58 మి.మీ. ఉండే డిస్క్ హబ్బులో దాదాపు అర మి.మీ.

ఒక ఉదాహరణ. ఈఆర్‌డీ 600, ఫ్లాంజ్ 44, ఫ్లాంజ్ నుంచి హబ్బు నడిమికి 35 మి.మీ., 36 హబ్బు, 32 రిమ్ము, మూడు క్రాసులు (ఒక్కో స్పోకు రిమ్ము చేరేలోగా అదే ఫ్లాంజ్‌వి మూడు స్పోకులను దాటుతుంది). నడిమి పొడవు 293.1. నిజంగా కావలసిన పొడవులు నాలుగు: 290.0, 291.7, 293.5, 295.4. ఒక్కో ఫ్లాంజ్‌కి ఒక్కో పొడవువి నాలుగేసి.

నాలుగు రకాల పొడవులు ఎక్కడ తేను?

పై కొలతల హబ్బుకు రెండు రకాలతో పని అవుతుంది: ఒక్కో ఫ్లాంజ్‌కి 291 మి.మీ.వి 8, 294 లేదా 295 మి.మీ.వి 8. ఏ స్పోకూ తనకు కావలసిన పొడవుకు ఒకటిన్నర మి.మీ. మించి తప్పదు, ఆ తేడా నిప్పల్ మింగుతుంది. దుకాణంలో సరి సంఖ్యల పొడవులే ఉంటే రెండు రకాలతో సరిపెట్టకండి, 290, 292, 294, 296 నాలుగూ తెచ్చుకోండి. వెనక చక్రంలో గేర్ల కోసం రిమ్ము కుడివైపుకు జరుగుతుంది కాబట్టి కుడికి వేరు, ఎడమకు వేరు లెక్క కట్టాలి.

కాస్త పొడుగ్గానో పొట్టిగానో ఉంటే ఏమవుతుంది?

పొట్టిదైతే మర నిప్పల్ మెడలోనే ఆగిపోతుంది, తలలోకి చేరదు. బరువంతా మెడ మీద పడి నిప్పల్ తల ఊడిపోతుంది. అల్యూమినియం నిప్పల్ అయితే తొందరగా, ఇత్తడిదైతే కొంత ఆలస్యంగా. అందుకే ఈ రకం చక్రాలకు ఇత్తడి నిప్పళ్లే వాడండి. పొడుగుదైతే మర (మెకానిక్కులు చూడీ అనేది) అయిపోయి నిప్పల్ బిగుసుకుపోతుంది, స్పోకు మాత్రం వదులుగానే ఉంటుంది. ఒంటి గోడ (లోపల బోలు లేని, ఒకే పొర) రిమ్ములో పైకి పొడుచుకొచ్చి ట్యూబును గుచ్చుతుంది.

## అల్లేటప్పుడు

హబ్బులో ఏ కన్నాలు వదలాలి?

ఎప్పుడూ జంటగా వదలాలి. ఎడమ ఫ్లాంజ్‌లో ఒక కన్నం వదిలితే, కుడి ఫ్లాంజ్‌లో దానికి పక్కనే పడే కన్నం వదలాలి. 36–32కి ఇలాంటి జంటలు రెండు, ఎదురెదురుగా. 40–32కి నాలుగు, పావు చుట్టుకొకటి. 36–24కి ఆరు. ఎడమ ఖాళీకి కుడి ఖాళీని దూరంగా, లంబంగా పెడితే చూపుకు సమంగా ఉంటుంది కానీ రిమ్ము మీద కుడి కన్నాలు ఆ చోట్లలో ఉండవు. కుడి స్పోకులన్నీ మెలిపడతాయి. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. స్పోకులు చేతిలోకి తీసుకునే ముందే వదలాల్సిన కన్నాల్లో నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి. సగం అల్లాక కన్నాలన్నీ ఒకేలా కనబడతాయి.

36–32లో పొట్టి స్పోకులు ఎక్కడ, పొడుగువి ఎక్కడ?

ఫ్లాంజ్‌ని బయటి నుంచి చూడండి. ఒక ఖాళీ తర్వాత గడియారం దిక్కుగా 1 నుంచి 8 దాకా లెక్కపెట్టండి, మళ్లీ ఖాళీ వస్తుంది, మళ్లీ 1 నుంచి 8. బేసి కన్నాల స్పోకులు గడియారం దిక్కుకు, సరి కన్నాలవి ఎదురు దిక్కుకు వాలాలి. అలా అయితే 1, 3, 6, 8 పొట్టివి, 2, 4, 5, 7 పొడుగువి. నాలుగు పొడవులు వాడేటప్పుడు అన్నిటికన్నా పొట్టివి 1, 8. తర్వాత 3, 6. తర్వాత 4, 5. అన్నిటికన్నా పొడుగువి 2, 7. వాలు దిక్కులు తారుమారైతే పొట్టి పొడుగులు కూడా తారుమారవుతాయి. రెండో ఫ్లాంజ్‌ని దాని బయటి నుంచి చూస్తూ ఇదే వరుస పాటించండి.

మొదటి స్పోకు ఎక్కడ మొదలుపెట్టాలి?

36–32లో ఎడమ ఫ్లాంజ్ 4, 5 కన్నాలతో మొదలుపెట్టండి. తమ చోటికి అతి తక్కువ తప్పినవి అవే, అవి కూర్చుంటే హబ్బు తిరుగుడు స్థిరపడుతుంది. ఈ రెండూ ఒకదానికొకటి దూరంగా వాలతాయి. వాటి రిమ్ము కన్నాల మధ్య 13 కన్నాలు ఉండాలి: ఎడమవి 6, కుడివి 7. రెండో సగంలోని 4వ స్పోకు, మొదటి సగం 5వ స్పోకు పక్కనున్న ఎడమ కన్నంలోకి వెళ్తుంది. అక్కడి నుంచి ఒకే దిక్కుకు వాలే స్పోకులు రిమ్ము మీద ప్రతి నాలుగో కన్నంలో పడతాయి, మధ్యలో హబ్బు ఖాళీ వచ్చినా సరే. ఎడమ పూర్తయ్యాక కుడి ఖాళీని హబ్బు మీద ఏ దిక్కుకు జరిపారో, రిమ్ము మీద కూడా కుడి స్పోకులను అదే దిక్కుకు ఒక్క కన్నం జరిపి మొదలుపెట్టండి.

40–32కి వరుస ఎలా?

నాలుగు వాడి ఒకటి వదలండి. ఫ్లాంజ్‌ని బయటి నుంచి చూస్తూ ఖాళీ తర్వాత గడియారం దిక్కుగా 1, 2, 3, 4. బేసివి గడియారం దిక్కుకు, సరివి ఎదురు దిక్కుకు, మూడు క్రాసులు. 1, 4 పొట్టివి. 2, 3 పొడుగువి. ఫ్లాంజ్‌కి ఎనిమిదేసి. చిన్న ఫ్లాంజ్ అయితే రెండింటి మధ్య తేడా సుమారు 3 మి.మీ. పాత చక్రంలో నాలుగు క్రాసులున్నాయి కదా అని 32 రిమ్ములోనూ నాలుగు వేయబోకండి. స్పోకు పక్క స్పోకు తల మీద ఎక్కి కూర్చుంటుంది.

36–24కి?

రెండు వాడి ఒకటి వదలండి, రెండు క్రాసులు. జతలో మొదటిది గడియారం దిక్కుకు, రెండోది ఎదురు దిక్కుకు. హబ్బు కన్నానికీ దాని రిమ్ము కన్నానికీ మధ్య కోణం 60కి బదులు 55 డిగ్రీలుగా లెక్కకట్టండి. ఒక్కో ఫ్లాంజ్‌కి ఒకే పొడవు సరిపోతుంది.

పాత హబ్బులో స్పోకుల గాట్లు ఉన్నాయి. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. పాత స్పోకు ఏ వైపు వాలిందో ఆ గాటులోనే కొత్తదీ వాలితే మంచిది. పాత గాటు మీద కొత్తది అడ్డంగా పడితే ఫ్లాంజ్ అంచు అక్కడ చిట్లవచ్చు. కన్నాలు వదలడం వల్ల అన్నీ కలవవు, ఎక్కువ కలిసేలా మొదటి ఖాళీని ఎంచుకోండి.

## బిగించి, బెండు తీసేటప్పుడు

అన్ని నిప్పళ్లూ ఒకే మర దాకా తిప్పి మొదలుపెట్టాను. చక్రం ఇంత వంకర ఎందుకు?

మామూలు చక్రానికి అది సరైన పద్ధతి. ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఒకే పొడవు స్పోకులో రెండు రకాల అవసరాలున్నాయి. 2 మి.మీ. స్పోకు మర అంగుళానికి 56 చుట్లు, అంటే ఒక చుట్టుకు 0.45 మి.మీ. 36–32ని రెండే పొడవులతో కట్టినప్పుడు, పొట్టివాటిలో 1, 8 కన్నాల నిప్పళ్లను 3, 6 కన్నా దాదాపు 4 చుట్లు ఎక్కువ తిప్పాలి. పొడుగువాటిలో 4, 5 నిప్పళ్లను 2, 7 కన్నా 4 చుట్లు ఎక్కువ తిప్పాలి. ఈ సవరణ చేశాకే అన్నిటికీ సమానంగా అర చుట్టు, పావు చుట్టు అని బిగిస్తూ పోండి. ఇది చేస్తే సగం బెండు పుట్టకముందే పోతుంది.

ఎంత బిగించాలి?

జంట గోడల అల్లాయ్ రిమ్ములో వెనక కుడివైపు 100 నుంచి 120 కేజీల బిగువు మామూలు. రిమ్ము తయారీదారు అంతకన్నా తక్కువ హద్దు చెబితే అదే మీ హద్దు. బిగువు మీటరు లేకపోతే చెవి వాడండి: ఒకే ఫ్లాంజ్ స్పోకులను వేలితో మీటితే ఒకే శ్రుతి పలకాలి. పొట్టి పొడుగుల తేడా శ్రుతిలో తెలియదు, 290లో 4 మి.మీ. లెక్కలోకి రాదు. కాబట్టి "ఇది వేరే పొడవు కదా, అందుకే వేరే మోత" అని సరిపెట్టుకోవద్దు. మోత తేడాగా ఉందంటే బిగువులోనే తేడా ఉంది.

తొక్కగానే టిక్కుటిక్కుమంటోంది. ప్రమాదమా?

నిప్పల్ తిప్పినప్పుడు స్పోకు కూడా మెలి తిరిగి, బరువు పడగానే మెలి వదులుకుంటున్న చప్పుడు అది. నిప్పల్ కీతో బిగించేటప్పుడు కావలసినదానికన్నా కొంచెం ముందుకు తిప్పి మళ్లీ వెనక్కి వదలండి. ఆపైన ఒకే దిక్కుకు పోయే స్పోకులను రెండేసి చేత్తో పట్టి గట్టిగా పిసకండి, చుట్టూ రెండు సార్లు. స్పోకు తల దగ్గరి మోచేతి వంపులు ఫ్లాంజ్‌లో కుదురుకుంటాయి. తర్వాత మళ్లీ బెండు చూడండి, ఎంతో కొంత మారే ఉంటుంది.

## రోడ్డెక్కాక

మన రోడ్ల మీద నిలుస్తుందా?

32 స్పోకులతో కట్టినది వాన తర్వాతి గుంతలనూ, గల్లీ స్పీడ్ బ్రేకర్లనూ తట్టుకుంటుంది. 24 రిమ్ము సంగతి వేరు. అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కి.మీ. సోలార్ కప్పు ట్రాక్ లాంటి నున్నటి చోట, తేలికైన మనిషికి బాగుంటుంది. వెనక క్యారేజీ మీద గ్యాస్ బండో బియ్యం బస్తానో పెట్టే సైకిల్‌కి 24 వద్దు.

మళ్లీ ఎప్పుడు చూసుకోవాలి?

మొదటి 50 కి.మీ. తర్వాత ఒకసారి, 200 తర్వాత ఇంకోసారి. ముందుగా వదులయ్యేవి కావలసినదానికన్నా పొట్టిగా పడిన స్పోకులు. ఖాళీలకు దగ్గరున్న కన్నాల నుంచి మొదలుపెట్టి మీటుకుంటూ వెళ్లండి.

ఒకే చోట స్పోకులు తెగుతున్నాయి. హబ్బు ఖాళీల వల్లేనా?

అరుదు. మోచేతి వంపు దగ్గర తెగితే బిగువు తక్కువైంది లేదా స్పోకులు పిసకడం మానేశారు. మర దగ్గర తెగితే నిప్పల్ వంకరగా కూర్చుంది, అంటే స్పోకు తన కన్నంలో కాక పక్క కన్నంలోకి వెళ్లి ఉంటుంది. రిమ్ము నుంచి హబ్బు దాకా ఆ ఒక్క స్పోకు దారి వేలితో తడిమి చూడండి, దాని క్రాసులు లెక్కపెట్టండి.

డిస్క్ బ్రేకు చక్రానికీ ఇదే పద్ధతా?

ఇదే. రెండు క్రాసులకు తగ్గవద్దు, ఒకదాన్నొకటి దాటని నిలువు స్పోకులు అసలే వద్దు. డిస్క్ బ్రేకు పట్టినప్పుడు హబ్బును తిప్పే బలం అంతా వాలు స్పోకులే మోయాలి. ఫ్లాంజ్ పెద్దది కాబట్టి పొట్టి పొడుగుల తేడా కూడా పెరుగుతుంది. 36–32లో రెండు పొడవులతో సర్దుకోకుండా నాలుగూ వాడండి.

తర్వాత స్పోకు తెగితే మెకానిక్‌కి ఎలా తెలుస్తుంది ఏ పొడవు వేయాలో?

తెలియదు. ఉన్నదాంట్లో దగ్గరిది వేసి ఇచ్చేస్తారు. అందుకే పొట్టి స్పోకుల మెడకు అల్లేటప్పుడే ఎర్ర ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి. పొడవులు, కన్నాల వరుస ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి (పెన్ను రాత చెమ్మకు కరుగుతుంది) రిమ్ము టేపు కింద, వాల్వుకు ఎదురుగా పెట్టండి. ఒక్కో పొడవుది రెండేసి స్పోకులు సీటు కింద గొట్టానికి కట్టి ఉంచండి.